ఇరవై మూడు... 203 ఎందుకయింది?

ఒకటో తరగతి బుడతడు. ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పేస్తాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు అమ్మానాన్నలకు అదో మురిపెం. 'ఏదీ నాయనా, ఇరవై మూడు రాయి' అంటే మాత్రం పలక మీద 203 అని రాసి చూపిస్తాడు. ఇంకేముంది... 'ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా?' అంటూ నాన్న గుడ్లురుముతాడు. ఇరవై మూడు వందసార్లు రాయాలని శిక్ష!

నిజానికి ఆ పిల్లాడు ఆలోచించే రాశాడు. ముందు 'ఇరవై' అని వినిపించింది. 20 రాశాడు. తర్వాత 'మూడు' అని వినిపించింది. పక్కన 3 పెట్టాడు. విన్నది విన్నట్టు రాస్తే 203 కాక మరేమవుతుంది? అక్కడున్న 2 అంటే రెండు పదులని వాడికి ఎవరూ చూపించలేదు. నోటితో చెప్పించారు, అంతే. వందసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప ఆ రెండు పదులు కనిపించవు.

మూడో తరగతి దాటితే...

'చిన్నపిల్లాడే కదా, పోనుపోను వాడే నేర్చుకుంటాడులే' అని సరిపెట్టుకునేవారూ ఉన్నారు. చిక్కంతా అక్కడే. నాలుగో తరగతి పుస్తకం పిల్లలకు చదవడం వచ్చుననుకునే మొదలవుతుంది. భాగహారం పాఠం తీసివేతలు వచ్చుననుకునే మొదలవుతుంది. రానివాడి కోసం ఏ పాఠమూ ఆగదు. అలా వెనకబడిన పిల్లాడికి ఏడాదికేడాది బడి మరింత బరువైపోతుంది.

'ప్రథమ్' సంస్థ దేశవ్యాప్తంగా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువుల తీరు పరిశీలిస్తుంటుంది. 2024లో ఆ సర్వేలో తేలిందేమిటంటే... మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27 శాతమే. తీసివేత లెక్క చేయగలిగినవారు 34 శాతానికి మించలేదు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చితీరాలంటూ కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో 'నిపుణ్ భారత్' మొదలుపెట్టిందీ అందుకే.

మామిడి కోతలు... ఒకటో తరగతి

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో ఉండే బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు పెట్టింది పేరు. బడులు తెరిచేది జూన్ 12న. తోతాపురి కాయల హడావుడీ అప్పుడే. ఇంట్లో పెద్దలకు తోట, యార్డు, ధర... ఇదే ధ్యాస. పలక పట్టుకుని కొత్తగా బడికెళ్లే పిల్లాడు ఏం నేర్చుకున్నాడో చూసే తీరిక ఎవరికి ఉంటుంది? పల్లెల్లోని చిన్న బడుల్లో చాలాచోట్ల ఉండేది ఒకరో ఇద్దరో టీచర్లు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు. పిల్లాడు నాలుగు రోజులు రాకపోతే ఆ నాలుగు రోజుల పాఠం పోయినట్టే.

ఈ చిక్కుకు విరుగుడు కూడా పాత చిత్తూరు జిల్లాలోనే పుట్టింది. బంగారుపాళ్యం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా వెళ్తే మదనపల్లె. దానికి దగ్గర్లోనే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ ఉంది. 1980ల్లో ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు నడిపే చిన్నచిన్న బడులు మొదలుపెట్టింది. అన్ని వయసుల పిల్లలూ ఒక్కచోటే. మరి పాఠం చెప్పేదెలా? పద్మనాభరావు, రమ దంపతులు దానికో దారి కనిపెట్టారు.

పుస్తకంలోని పాఠాలను విడదీసి అట్టల మీదికి ఎక్కించారు. ఒక్కో అట్ట మీద ఒక్కో చిన్న పని. కొన్ని కొత్త సంగతి చెప్పేవి. కొన్ని సాధన చేయించేవి. కొన్ని వచ్చిందో లేదో చూసేవి. రానివాళ్లకు మళ్లీ నేర్పేవి వేరే. ఏ అట్ట తర్వాత ఏదో చూపించడానికి గోడ మీద నిచ్చెనలాంటి పట్టిక. అట్టల మీద బొమ్మల గుర్తులు ఉంటాయి కాబట్టి అక్షరం ముక్క రాని పిల్లలూ తమ అట్టను తామే వెతికి తెచ్చుకుంటారు. టీచరు ఒక గుంపు దగ్గర కూర్చుని కొత్త సంగతి చెబుతుంటే, మరో గుంపు తోటి పిల్లల సాయంతో, ఇంకో గుంపు సొంతంగా పని చేసుకుంటాయి. వారం రోజులు బడి మానిన పిల్లాడు తిరిగొస్తే ఎక్కడ ఆగాడో ఆ మెట్టు మీద నుంచే మొదలుపెడతాడు. పక్కవాడితో పోటీ లేదు, వెనకబడ్డానన్న బెంగా లేదు.

ఈ పద్ధతి మన పొలిమేర దాటి చాలా దూరం వెళ్లింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటె తాలూకాలో 'నలి కలి'గా మారింది. ఆనందంగా నేర్చుకోమని దాని అర్థం. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో అడుగుపెట్టి, 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ చేరింది.

'అ' కన్నా ముందు 'ర'

'నలి కలి'లో అక్షరాలు అ, ఆ, ఇ, ఈ అని మొదలుకావు. ర, గ, స, ద, అ... ఇదీ వరస! కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్లు కాబట్టి ఇందులోని కిటుకు మనకూ పనికొస్తుంది. లేత వేళ్లకు 'ర', 'గ' రాయడం సులువు. 'అ', 'ఇ' మెలికలు తిప్పడం కష్టం. పైగా ఈ అయిదు అక్షరాలూ వస్తే చాలు, గద, అర, గరగర, సరసర అని పిల్లలు మాటలే చదివేస్తారు. అదే వరసగా వెళ్తే అచ్చులన్నీ దిద్దినా చదువుకోవడానికి సరైన మాటలే దొరకవు. వర్ణమాల వద్దని కాదు. పాటలా పాడుకోనివ్వండి. రాయడం మాత్రం సులువైన అక్షరంతో మొదలుపెట్టించండి.

ఇంట్లో ఇలా...

* చీపురుపుల్లలు ఏరి పదేసి చొప్పున దారంతో కట్టలు కట్టించండి. రెండు కట్టలు, మూడు విడిపుల్లలు... ఇదీ ఇరవై మూడు. తర్వాత వెడల్పాటి అట్ట మీద 20, సన్నటి అట్ట మీద 3 రాయండి. 20లోని సున్నా మీద 3ను పెడితే 23 అవుతుంది. సున్నా ఎక్కడికీ పోలేదు, 3 కింద దాక్కుందని పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చిన మారియా మాంటిస్సోరి పద్ధతిలోదే ఈ అట్టల ఉపాయం.

* 'పదమూడు'లో పది ముందు వినిపిస్తుంది. ఇంగ్లిషు 'థర్టీన్'లో మూడు ముందు వినిపిస్తుంది. అందుకే కొందరు 31 అని రాస్తారు. మన పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లోనూ ఉంటున్నాయి కాబట్టి, ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించడం మానొద్దు.

* చింతగింజలు ఉంటే వామనగుంటలు ఆడించండి. గుంటకో గింజ వేస్తూ వెళ్లడమంటే ఒక్కో అంకెకు ఒక్కో వస్తువును జతచేయడమే. వట్టి వల్లెవేతలో లోపించేది ఇదే. అవ్వలకు ఈ ఆట ఒకరు నేర్పక్కర్లేదు.

* బలపం పట్టేముందు వేళ్లకు బలం రావాలి. చెనక్కాయలు ఒలవడం, చపాతీపిండి ముద్దలు చేయడం, చుక్కలు కలిపి ముగ్గేయడం... అన్నీ రాతకు సాధనే. అక్షరాభ్యాసంనాడు పళ్లెంలో పోసిన బియ్యంలో రాయిస్తాం కదా! ఆ ఒక్కరోజుతో ఆపకుండా ఇసుకలోనో పిండిలోనో రోజూ వేలితో రాయించండి.

* ఆరేళ్ల పిల్లలు అంకెల్ని, అక్షరాల్ని తిరగేసి రాయడం మామూలే. కంగారుపడొద్దు. ఎనిమిదేళ్లు వచ్చినా అలాగే రాస్తుంటే మాత్రం టీచరుతో మాట్లాడండి. కళ్లు ఓసారి పరీక్ష చేయించండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది... ఈసారి పలక మీద తప్పు కనిపిస్తే వెంటనే చెరిపేయకండి. 'ఎందుకిలా రాశావు నాయనా?' అని అడగండి. పిల్లాడు చెప్పేది చివరి దాకా వినండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో వాడే చెప్పేస్తాడు. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.