ఖర్జూరపు మాను ఆసరాగా

వుజూ, నమాజులకు సంబంధించి మా వద్దకు వచ్చే ప్రశ్నలలో కొన్ని ముఖాముఖి అడిగేవి కావు. అవి మా ఇంటివారి ద్వారానో, బాలికలకు చదువు చెప్పే ఆపాల ద్వారానో మడిచిన చీటీలుగా అందుతాయి. వాటిలో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తున్నది: కాన్పు అయినప్పటి నుంచి దగ్గినా, తుమ్మినా, రుకూలోకి వంగినా మూత్రపు చుక్కలు పడుతున్నాయి, నమాజు చెల్లుతుందా అని.

మసలా వరకైతే జవాబు స్పష్టం. ఒక నమాజు వేళ మొదలైనది లగాయతు ముగిసేదాకా, వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చుకునేపాటి విరామం కూడా దొరకనంతగా చుక్కలు పడుతుంటే హనఫీ ఫిఖహ్ ఆమెను మాజూర్‌గా పరిగణిస్తుంది. అప్పటి నుంచి ఒక్కొక్క నమాజు వేళకు ఒక్కొక్క వుజూ చాలు. దగ్గినప్పుడు మాత్రమే పడేవారికి ఈ వెసులుబాటు లేదు, వారు వుజూ తిరిగి చేసుకోవాలి. అయితే జవాబు రాసి చీటీని పంపివేయడంతో మా బాధ్యత తీరిపోయిందని మేము అనుకోలేకపోతున్నాము. ఇరవై రెండేళ్ళ కోడలు మాజూర్ ఎందుకైంది?

గర్భం మోయడమే కటి అడుగు కండరాలను సడలిస్తుంది. బిడ్డ పెద్దదైనా, ముక్కే ఘట్టం గంటల తరబడి సాగినా, పట్టకార్లతో బిడ్డను లాగవలసి వచ్చినా, చీలిక మలద్వారపు కండరం దాకా పాకినా నష్టం పెరుగుతుంది. ఇది తలరాత అని సరిపెట్టుకోవలసిన విషయం కాదు. చాలామందికి కటి కండరాల వ్యాయామం కొద్ది నెలలలోనే మేలు చేస్తుంది. రాత్రీ పగలూ ఎడతెగకుండా కారుతున్నట్లయితే మూత్రాశయానికి రంధ్రం పడి ఉండవచ్చు, దానిని శస్త్రచికిత్సతో పూడ్చవచ్చు. ఇటువంటి బాధ ఉన్న సోదరి మొదట వెళ్ళవలసినది స్త్రీల వైద్యురాలి వద్దకు. మసలా ఆ తరువాత అడగవచ్చు.

నష్టం జరగక మునుపే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో పైసా ఖర్చు లేనిది, ఇళ్ళలో ఎవరూ చర్చించనిది ఒకటున్నది: నొప్పుల వేళ తల్లి శరీరం ఏ భంగిమలో ఉండాలన్నది. కాన్పు అనగానే మన కళ్ళకు కట్టేది ఒకటే దృశ్యం. ఇనుప బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి కట్టిన స్త్రీ. వెల్లకిలా పడుకున్నప్పుడు నిండు గర్భపు బరువంతా వెన్నెముక పక్కనున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. తల్లి గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది, బిడ్డకు అందేదీ తగ్గుతుంది. నడుము చివరి ఎముక బల్లకు అదుముకుపోయి వెనుకకు జరగలేదు గనుక బిడ్డ వెలువడే దారి ఇరుకవుతుంది. అదే నిలుచున్నా, మోకాళ్ళ మీద ఉన్నా, గొంతుకూర్చున్నా బిడ్డ బరువు కిందికే లాగుతుంది, ఎముకలకు కదిలే చోటు ఉంటుంది.

ఇది ఊహ కాదు. అనేక దేశాలలో జరిగిన పరీక్షలను ఒకచోట చేర్చి పరిశీలించే కోక్రేన్ సమీక్షలు దీని మీద వెలువడ్డాయి. 2013 నాటి సమీక్ష ప్రకారం, నొప్పుల మొదటి దశలో నిలుచుని, నడుస్తూ ఉన్నవారికి ఆ దశ సుమారు గంటా ఇరవై నిమిషాలు తగ్గింది, ఆపరేషన్ కాన్పులూ తగ్గాయి. ముక్కే దశను గురించిన 2017 నాటి సమీక్షలో, వీపుకు మత్తు ఇవ్వని స్త్రీలు నిటారుగా ఉన్నప్పుడు పట్టకార్ల అవసరం, కాన్పు ద్వారం వద్ద పెట్టే కోతలు తగ్గినట్లు తేలింది. అదే సమీక్ష మరొక మాట కూడా చెప్పింది, దానిని దాచడం అమానత్‌కు విరుద్ధం. నిటారుగా కన్నవారిలో అర లీటరుకు మించి రక్తం పోయినవారు ఎక్కువ. ఒక మోస్తరు చీలికలూ కొంత ఎక్కువ కావచ్చు. మన రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులే కనుక ఇది చిన్న విషయం కాదు. కాబట్టి గొంతుకూర్చుని కనడం మంచిదట, ఇంట్లోనే కనవచ్చునని ఎవరైనా అర్థం తీసుకుంటే అది ప్రమాదం. రక్తస్రావాన్ని ఆపే సూది, అది వేయగల నర్సమ్మ, అవసరమైతే రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్నచోటనే ఈ స్వేచ్ఛ క్షేమకరం.

దివ్య ఖుర్ఆన్ మర్యమ్ సూరాలో హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) కాన్పు ప్రస్తావన వస్తుంది. నొప్పులు ఆమెను ఒక ఖర్జూరపు చెట్టు మాను వద్దకు చేర్చాయి. ఏ పడక మీదనో ఆమె పడి ఉన్నట్లు అక్కడ లేదు. ఆమె దుఃఖాన్ని ఓదార్చే పిలుపు వినవచ్చింది, పాదాల దిగువన సెలయేరు ప్రవహించింది, మానును తన వైపుకు ఊపమని ఆదేశం వచ్చింది, పండిన ఖర్జూరాలు తిని, నీరు తాగి కన్నులు చల్లబరచుకొమ్మని చెప్పబడింది. ఈ ఆయతులను వైద్య గ్రంథంగా చదవాలని మేము అనము. అయినా నొప్పులు పడుతున్న స్త్రీకి ఆనుకునే ఆసరా, తాగేందుకు నీరు, తినేందుకు పండు, ఓదార్పు మాట అమరిన ఈ వర్ణనను చిన్ననాటి నుంచి చదివే మన ఇళ్ళలో, ఆమెకు గుక్కెడు నీరు కూడా ఇవ్వకుండా కదలకుండా పడుకోబెట్టే ఆచారం ఎలా స్థిరపడిందో ఆలోచించాలి. ప్రమాద సూచనలు లేని గర్భిణి నొప్పుల వేళ తినవచ్చునని, తాగవచ్చునని, తనకు నచ్చిన భంగిమలో ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వైశాఖపు ఎండలకు బోరుబావులు సైతం ఎండిపోయే మన అనంతపురం మెట్టలో నీటి మాట మరీ ముఖ్యం.

పడకకు కట్టిపడేసే పద్ధతి మన పెద్దలది కాదు. పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సులో మోరిసో అనే వైద్యుడు పడక మీద కాన్పును గట్టిగా సమర్థించాడు, తరువాతి వైద్యులకు తమ పని సులువయ్యే ఆ పద్ధతే నచ్చింది. అంతకు ఆరు శతాబ్దాలకు పూర్వమే ఖుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ తన ‘తస్‌రీఫ్’ గ్రంథం ముప్పయ్యవ భాగంలో, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఏం చేయాలో మంత్రసానులకు నేర్పవలసిన సంగతులు రాశారు. ఇబ్నె ఖల్దూన్ ‘ముఖద్దిమా’లో మంత్రసాని విద్యకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ప్రసూతి విషయాలలో నేర్పరి అయిన వైద్యునికన్నా ఆమెకే ఎక్కువ తెలుసునని ఆయన అభిప్రాయం. మన ఫిఖహ్‌లో పుట్టుక విషయమై ఒక్క దాయీ సాక్ష్యం చెల్లుతుంది. ఆ విద్యకు ఉండిన గౌరవం అంతటిది!

ఇక హయా సంగతి. లేచి తిరిగితే, మోకాళ్ళ మీద వంగితే సిగ్గు పోతుందని కొందరు అత్తలు వారిస్తారని వింటున్నాము. కాళ్ళు పైకి కట్టించుకుని వెల్లకిలా పడుకోవడంలో ఏ సిగ్గు నిలుస్తుందో మాకు అర్థం కాదు. పొడవైన కమీజు తొడుక్కుని, పైన చాదర్ కప్పుకుని, మంచం అంచు పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్న స్త్రీకే సత్ర్ ఎక్కువ దక్కుతుంది. సజ్దాకు అలవాటు పడిన శరీరానికి ఆ వంగుబాటు కొత్త కాదు, రోజంతా గొంతుకూర్చుని వేరుశనగ కాయలు ఒలిచే మన పల్లె ఆడవారికి గొంతుకూర్చోవడమూ కొత్త కాదు. చికిత్సకు ఎంత అవసరమో అంతవరకే మరుగు తొలగించాలని, అవసరమైనప్పుడు తొలగించడం పాపం కాదని ఫుఖహా ఎప్పుడో తేల్చారు.

కాన్పులో మరణించిన స్త్రీ షహీద్ అని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. అది దుఃఖితులకు ఓదార్పు. నిర్లక్ష్యానికి సాకుగా ఆ మాట వాడేవారిని చూస్తే మాకు కోపం వస్తుంది.

ఏ భంగిమా అన్ని వేళలకూ మందు కాదు. బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కుంటే తల్లిని వెల్లకిలా ఉంచి మోకాళ్ళు పొట్టకు నొక్కడమే మొదటి ఉపాయం. అది ఫలించకపోతే చేతుల మీద, మోకాళ్ళ మీద తిప్పుతారు. వీపుకు మత్తు ఇచ్చినవారికి పక్కకు తిరిగి పడుకోవడమే మేలని 2017లో బ్రిటన్ పరిశోధన చూపింది. అలా పడుకున్న వారిలో నూటికి నలభై ఒక్కమంది, నిటారుగా ఉన్నవారిలో ముప్పై అయిదుగురు పరికరాల సాయం లేకుండా కన్నారు. రక్తం పోతున్నా, బీపీ పెరిగినా, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గినా వైద్యురాలి మాటే వినాలి. ఒక్కదానిని మాత్రం గట్టిగా వద్దనవచ్చు, పొట్ట మీద మోచేయి ఆన్చి బిడ్డను కిందికి నొక్కడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని కూడదన్నది.

మార్పు రాకపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు గదిలోకి ఒక స్త్రీని తోడుగా అనుమతించాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువడ్డాయి. అంతకు ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి నర్సులకు ఈ విద్యలో శిక్షణ మొదలుపెట్టింది. అవసరం లేకపోలేదు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి అరవై, ఆంధ్రప్రదేశ్‌లో నలభై రెండు కాన్పులు ఆపరేషన్లే.

మా ప్రాంతంలో మరొక చిక్కు దూరం. అమడగూరు పల్లెల నుంచి కదిరికో, మడకశిర నుంచి హిందూపురానికో, బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రికో చేరేలోగా నొప్పులు ముదురుతాయి. 108 వాహనంలో గానీ ఆటోలో గానీ గర్భిణిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు, ఎడమ పక్కకు తిప్పి వీపు వెనుక దిండు పెట్టాలి. తోడు వెళ్ళేవారు నీళ్ళ సీసా, నాలుగు ఖర్జూరాలు, చాదర్ తీసుకువెళ్ళాలి. నడవవచ్చునా, పక్కకు తిరిగి కనవచ్చునా, తోడుగా అమ్మీని రానిస్తారా అన్నవి ఎనిమిదో నెల పరీక్ష నాడే భార్యాభర్తలిద్దరూ వెళ్ళి అడగవలసినవి. అర్ధరాత్రి ఒక్క నర్సమ్మ మూడు బల్లల మధ్య పరుగులు తీస్తున్నప్పుడు అడిగితే ఆమెకు వినే తీరిక ఉండదు.