బడి చేసిన తప్పుకు పంతులుకు శిక్షా?

అమెరికాలో హెచ్-1బి అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. కానీ అదే వీసా మీద ఇక్కడి ప్రభుత్వ బడుల్లో లెక్కలు, సైన్సు చెబుతున్న టీచర్లు కూడా ఉన్నారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారు ఎక్కువ, మన తెలుగువారూ ఉన్నారు. వీరి గోడు పట్టించుకునేవారే తక్కువ.

2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటన ఒకటి వెలువడింది. దేశం బయట ఉన్నవారి కోసం కొత్తగా వేసే హెచ్-1బి దరఖాస్తుకు యజమాని లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారాంశం. ఏడాది గడువుతో వచ్చిన ఆ ప్రకటనలో ప్రభుత్వ బడులకు విడిగా మినహాయింపు ఇవ్వలేదు. టీచర్ల కొరత ఇంకా ముదురుతుందంటూ కాలిఫోర్నియా, మసాచుసెట్స్ తదితర రాష్ట్రాలు అదే ఏడాది డిసెంబరులో కోర్టుకెక్కాయి.

బడులకు అంత డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. వీసా ఖర్చు పెరిగినప్పుడల్లా ఆ భారం దొడ్డిదారిన ఎవరి నెత్తిన పడుతుంది? చట్టం ప్రకారం హెచ్-1బి దరఖాస్తు ఫీజు, లాయరు ఫీజు యజమానే భరించాలి. ఆచరణలో ఏం జరుగుతుందో తెలియాలంటే మేరీలాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ కథ చూడాలి.

బడి కట్టాల్సిన ఫీజులను అక్కడి విదేశీ టీచర్ల చేత కట్టించారని కేంద్ర కార్మిక శాఖ తేల్చింది. 2011లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1,044 మంది టీచర్లకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మొదట 17 లక్షల డాలర్లకు పైగా అడిగిన జరిమానా చివరికి లక్ష డాలర్లకు తగ్గింది. దాంతోపాటు రెండేళ్లు విదేశీ టీచర్ల కోసం దరఖాస్తు చేయకూడదని నిషేధం విధించారు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ నిషేధం కొత్త దరఖాస్తులతో ఆగలేదు, పాత వీసాల పొడిగింపుకూ వర్తించింది. దాంతో మోసపోయిన టీచర్లలోనే చాలామంది వీసా గడువు తీరగానే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. చేసిందొకరు, అనుభవించింది ఇంకొకరు. ఇలాగైతే రేపు ఏ టీచరు నోరు విప్పి ఫిర్యాదు చేస్తాడు?

నిషేధం లేకపోతే యజమానికి భయం ఉండదని కొందరంటారు. భయం కావాలంటే జరిమానా పెంచండి, నిషేధాన్ని కొత్త నియామకాలకే పరిమితం చేయండి. అప్పటికే పాఠం చెబుతున్న టీచరు వీసా పొడిగింపును మాత్రం ఆపకండి. ఉద్యోగం పోయినవారికి నిబంధనలు ఇచ్చే 60 రోజులు కూడా చాలవు. టీచరుకు ప్రతి రాష్ట్రంలో వేరే లైసెన్సు కావాలి, బడుల్లో నియామకాలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతాయి. కనీసం ఒక విద్యా సంవత్సరం గడువు ఇవ్వాలి. మన సంఘాలు ప్రతి ఏటా సభలకు పిలిచే కాంగ్రెస్ సభ్యులను శాలువా కప్పి పంపకుండా ఈ ఒక్క మాట అడగాలి.

అంతవరకు మన జాగ్రత్త మనది. హైదరాబాదులో ఏజెంటుకిచ్చినా, ఇక్కడ జీతంలో కోత పడినా, ప్రతి డాలరుకూ రసీదు దాచుకోండి. యజమాని కట్టాల్సిన ఫీజు మీ చేత కట్టిస్తే డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. తప్పు జరిగిన 12 నెలల్లోపే ఆ పని చేయాలి. ఫిర్యాదు చేసినందుకు యజమాని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. పిల్లలకు హక్కుల పాఠం చెప్పే పంతులు తన హక్కును తాకట్టు పెట్టి బతకనక్కరలేదు.