రంగు కింద ఏమున్నది?



మీరు ఉక్కునగరంలో ఉంటున్నారనుకోండి. మెట్లకింద మీ అన్నయ్య తొక్కి వదిలేసిన కొండసైకిలు ఒకటి ఏళ్ళతరబడి పడి ఉన్నది. లావుపాటి టైర్లు, తిన్నని హ్యాండిలు, బోలెడు గేర్లు! ఒకప్పుడు దాన్ని చూసి వీధిలో పిల్లలంతా ముచ్చటపడేవారు. "దీన్ని బాగుచేసి అమ్ము. వచ్చిన డబ్బు నీదే!" అన్నారు నాన్నగారు. ఇంకేం కావాలి! తీరా బయటికి లాగి చూస్తే ఒళ్ళంతా తుప్పు!

ఈ తుప్పు ఎక్కణ్ణించి వచ్చిందో ముందు తెలుసుకుందాం. మీ ఊరి ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లున్నాయి. వాటిలో ఇనపరాయిని, కోకుబొగ్గును వేసి వేడిగాలి ఊదుతారు. ఇనపరాయిలో ఇనుము ఒంటరిగా ఉండదు. ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది. బొగ్గు ఆ ప్రాణవాయువును లాగేసుకుంటే ఇనుము విడిపడి కరిగి వస్తుంది.

ఇంత శ్రమపడి విడదీసినా ఇనుము ఊరుకుంటుందా? పుట్టింటికి పోదామనే చూస్తుంది! తడి తగిలితే చాలు, గాలిలోని ప్రాణవాయువుతో మళ్ళీ కలిసిపోతుంది. అదే తుప్పు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా నడుస్తుంది గనక తుప్పు పట్టే పని మరింత త్వరగా సాగుతుంది. అందుకే విశాఖ తీరంలో సైకిలుకు నూనెగుడ్డ తరచుగా తగలాలి.

పాత సైకిలు బాగుచేయటం చిన్నతనమని అనుకోకండి. అసలు కొండసైకిలు పుట్టిందే అలా! అమెరికాలో, కాలిఫోర్నియాలోని టామల్‌పాయిస్ కొండ దగ్గర, 1970 తరవాత కొందరు యువకులు ఎప్పటివో పాత సైకిళ్ళను సంపాదించి, బాగుచేసుకుని, మట్టిదారుల్లో కొండ దిగేవారు. 1976లో పందేలు కూడా మొదలుపెట్టారు. ఆ దిగుడులో బ్రేకు వేడెక్కి, చక్రం ఇరుసులోని గ్రీజు పొగలు కక్కేది. మళ్ళీ దిగాలంటే కొత్త గ్రీజు కూరాలి. అందుకనే ఆ దారికి "రీప్యాక్" అని పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఇందుకోసమే కొత్త సైకిలు తయారు చేశాడు. 1981 నుంచి అటువంటివి దుకాణాలకు వచ్చాయి.

సరే, మన సైకిలు సంగతి చూద్దాం. చిన్నచిన్న నట్లూ బోల్టులూ చింతపండు పులుసులో కాసేపు ఉంచండి. పులుపు తుప్పును కరిగిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమును కూడా తింటుంది, జాగ్రత్త! తీసి కడిగి, బాగా తుడిచి, వెంటనే నూనె రాయండి.

చైను అరిగిందో లేదో టేపు చెబుతుంది. ఒక పిన్ను దగ్గర టేపు మొదలు పెట్టి, దాన్ని వదిలి, తరవాతి పిన్నులు 24 లెక్కపెట్టండి. కొత్త చైనుకు అంతవరకు సరిగా 12 అంగుళాలుంటుంది. అంతకంటె అంగుళంలో ఎనిమిదోవంతు పెరిగితే చైను మార్చవలసిందే.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఫ్రేము అతుకు దగ్గర వెంట్రుకలాటి గీత ఒకటి కనబడిందనుకోండి. "పైన నిగనిగలాడే రంగు కొడితే ఎవరికి తెలుస్తుంది?" అని పక్కవాడు సలహా ఇస్తాడు. రంగు కొట్టకముందు కాస్త ఆలోచించండి. రంగు కళ్ళను కప్పుతుంది కాని పగులును అతకదు. తుప్పుమీద కొట్టినా అంతే. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక, లోపల పెరిగి రంగును పొక్కులు పొక్కులుగా లేపేస్తుంది. ఆ సైకిలు కొన్నది మీవంటి పిల్లవాడే కావచ్చు. కైలాసగిరి దిగుతూండగా ఆ అతుకు విరిగితే? మీ చేతికి వచ్చిన డబ్బు వాడికి తగిలిన దెబ్బను మాన్పగలదా?

అందుచేత ఫ్రేము పగిలితే దాన్ని తొక్కేందుకు అమ్మకూడదు. చక్రాలు, సీటు, హ్యాండిలు విడిగా అమ్మండి. ఫ్రేము పాతఇనుముకు వేయండి. ఉక్కు కరిగి మళ్ళీ ఉక్కే అవుతుంది, నష్టం లేదు.

ఫ్రేము గట్టిగా ఉన్నదా? భేష్! అప్పుడు కూడా తొందరపడి రంగు వేయకండి. పాత సైకిళ్ళంటే ఇష్టపడేవారు అసలు రంగునూ, అసలు పేరునూ చూసే మెచ్చుకుంటారు. ఏవి పాత భాగాలో, ఏవి కొత్తగా వేశారో కాగితం మీద రాయండి. "వెనక గేరు ఒక్కోసారి జారుతుంది" అని ఉంటే అదీ రాయండి. కొనేవారిని నాలుగు చుట్లు తొక్కి చూడమనండి. చాలా సైకిళ్ళకు పెడళ్ళ ఇరుసు అడుగున ఒక నెంబరు చెక్కి ఉంటుంది. ఆ నెంబరూ, ధరా, తేదీ వేసి నాన్నగారి చేత సంతకం పెట్టించి ఇవ్వండి. అది దొంగసొత్తు కాదని కొన్నవారికి ధైర్యం.

లోపం చెబితే పది రూపాయలు తగ్గవచ్చు. కాని రేపు ఆ సైకిలు మీ వీధిలో ఎదురైనప్పుడు, మీరు పక్కసందులోకి తప్పుకోనక్కరలేదు. "ఎలా నడుస్తోందోయ్?" అని నవ్వుతూ అడగవచ్చు!