భోజనం దగ్గర బేరమా?

అన్నలారా, కోపం వచ్చినా సరే, చెప్పాల్సిందే. పని మీద మార్కాపురమో గిద్దలూరో పోతాం. అత్త కూరగాయలు తరిగి, కోడలు వండి, కొడుకు వడ్డించే చిన్న హోటల్లో కూర్చుంటాం. సంగటి, పప్పు, రసం, మజ్జిగ. మారు అడిగినా విసుక్కోరు. కడుపునిండా తిని లేచి, "ఏందమ్మా, మళ్లీ పది రూపాయలు పెంచినావా?" అని తగువు!

అదే ఏసీ రెస్టారెంటులో బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేసినా నోరెత్తం.

కందులకు 2025-26 మద్దతు ధర క్వింటాకు 8,000. అది చాలదు, ఇంకా పెంచమని అడిగేది మనమే. ఆ కందులే పప్పై మన ఆకులోకొచ్చి పది పెరిగితే ఆమె దోచుకున్నట్టా? ఆమె పొయ్యి కష్టం మన సేద్యం లాంటిది కాదా?

గిట్టుబాటు ధర అడిగే నోటితో వండిపెట్టిన చేతిని బేరమాడొద్దు. చెప్పినంత ఇచ్చి రండి.