కాపురాలను విడదీసే క్యూ

కొత్తగా పెళ్లయినవాణ్ణి యుద్ధానికి పంపకూడదని, ఏ వ్యవహార భారమూ అతనిపై మోపకూడదని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. ఏడాదిపాటు అతడు ఇంటి దగ్గరే ఉండి భార్యను సంతోషపెట్టాలి (ద్వితీయోపదేశకాండము 24:5). దేశానికి సైనికుడు ఎంత అవసరమైనా, కొత్త కాపురం అంతకన్నా ముఖ్యమని దేవుడు ఎంచాడు. ఈ కొలతతో చూస్తే, అమెరికాలో చట్టబద్ధంగా స్థిరపడినవారి పట్ల అక్కడి వలస చట్టం ఎంత కఠినమో తెలుస్తుంది.

హెచ్‌1బి వీసాపై తాత్కాలికంగా పనిచేసే ఉద్యోగి తన భార్యను హెచ్‌4 వీసాపై తీసుకువెళ్లవచ్చు. అమెరికా పౌరుని భార్యకైతే వీసాల సంఖ్యపై పరిమితే లేదు. వీరిద్దరి మధ్యనున్న గ్రీన్‌కార్డుదారుడు మాత్రం, కార్డు వచ్చాక పెళ్లి చేసుకుంటే, భార్య కోసం క్యూలో నిలబడాలి. గ్రీన్‌కార్డుదారుల కుటుంబాలకు ప్రపంచమంతటికీ కలిపి ఏటా కేటాయించే వీసాలు సుమారు 1,14,200. వాటిలో కనీసం 77 శాతం భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు. దరఖాస్తులు పెరిగితే నిరీక్షణ ఏళ్లకు సాగుతుంది. మూడేళ్లు నిరీక్షించినవారు అమెరికా వెళ్లి అక్కడే ఎదురుచూసేలా 2000లో ‘వి’ వీసా తెచ్చారు. అది ఆ ఏడాది డిసెంబరు 21 లోగా దరఖాస్తు చేసినవారికే పరిమితమైంది. ఆ తర్వాతివారికి ఆ తలుపు తెరుచుకోలేదు.

వచ్చేవారి సంఖ్యకు హద్దు పెట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. దాన్ని మనం కాదనం. కానీ ఇక్కడే స్థిరపడి, పనిచేసి, పన్ను కట్టమని ఒకరిని చేర్చుకున్న దేశం, అతని భార్యను పరాయిదానిగా లెక్కించడం న్యాయమా? దేవుడు ఏకశరీరంగా చేసినవారిలో సగాన్నే లోపలికి రానివ్వడం కాదా ఇది?

మన సంఘాలకూ ఇందులో బాధ్యత ఉంది. సంబంధం చూసేటప్పుడు జీతం, ఇల్లు అడుగుతాం. అమ్మాయి ఎప్పటికి వెళ్లగలదో అడగం. పెళ్లయ్యాక పుట్టింట్లోనే ఉన్న ఆమెను ‘ఇంకా వెళ్లలేదా?’ అంటూ ప్రతి ఆదివారం గుచ్చుతాం. అసలు ఉద్దేశం దాచి విజిటర్ వీసాపై వెళ్లమని సలహా ఇచ్చేవారూ మనలో ఉన్నారు. అబద్ధం మీద కాపురం నిలబడదు. నిశ్చితార్థానికి ముందే వీసా సంగతి నిజాయతీగా మాట్లాడుకుందాం. నిరీక్షించే జంటను ప్రశ్నలతో కాక ప్రార్థనతో ఆదుకుందాం. అమెరికాలోని తెలుగు సంఘాలు తమ ప్రాంత ప్రజాప్రతినిధులకు ఈ వేదన వినిపించాలి. పరదేశిని మనవలె ప్రేమించాలన్న ఆజ్ఞ (లేవీయకాండము 19:34) అతని భార్యాబిడ్డలకూ వర్తిస్తుంది.