మురుగునీరు చెప్పే కబురు



విరుదునగరంలో గుమాస్తాగా ఉన్న రోజులలో అంటురోగాల పట్టీ వ్రాసే పని కొంతకాలం నాపై పడినది. ఆసుపత్రికి వచ్చినవారే అందులోకి ఎక్కేవారు. మన ఇండ్లలో విరేచనాలు పట్టుకొంటే ఓమనీళ్ళు త్రాగి పడుకొనేవారే గాని ఎవరికీ చెప్పేవారు కారు. పట్టీ నిండేసరికి రోగం నాలుగు వీధులు దాటేది.

మురుగునీటికి ఆ మొగమాటం లేదు. పోలియో సోకిన 200 మందిలో సుమారు ఒక్కరికే కాలుసేతులు పడిపోవును. తక్కినవారు చాలమంది ఏమీ ఎరుగకనే మలంలో ఆ క్రిమిని విడుస్తారు. 2016 లో హైదరాబాదు మురుగునీటిలో టీకామందునుండి మారిన పోలియో వైరస్ కనబడగా, ఒక్క బిడ్డకూ జబ్బు కనబడకముందే సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేసినారు. 2020 లో అక్కడి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఆ నీటినే పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండవచ్చునని లెక్క కట్టినారు. ఎవరింట రోగమున్నదో ఆ నీరు చెప్పదు, ఏ పేటలో ఉన్నదో చెప్పును. పరువు కోసం దాచుకొనే మనబోటివారికి ఇది మేలే.

పెద్దకాలువలున్న నగరాల సంగతి ఇది. కోవిల్‌పట్టిలో మా వీధివలె ఇంటింటా సెప్టిక్ ట్యాంకులున్నచోట మురుగు ఒకచోటికి చేరదు. అంతమాత్రాన మమ్ము వదలనేల? ట్యాంకులు తోడే లారీలు దింపేచోట వారానికొక సీసా పట్టవచ్చును. అందులో పాత మడ్డి ఉండునన్న అభ్యంతరం నిజమే. కనుక బస్టాండు, ఆసుపత్రుల మురుగు వేరుగా పట్టవలె. ఫలితం నెలనెలా పురపాలక కార్యాలయం గోడపై అంటించవలసినదిగా రెండు ఊళ్ళ అధికారులనూ కోరుచున్నాను. అరవంలో వ్రాసినా చాలును, మనకు చదవవచ్చును.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
కోవిల్‌పట్టి