శ్రద్ధ ఎవరి గుణం? ఎవరి చాకిరీ?

పర్యావరణం పాడైపోతోందని అందరూ బాధపడతారు. ఆచరణ దగ్గరికొచ్చేసరికి కొందరే మిగులుతారు. ఎందుకిలా? వ్యక్తిత్వంలో తేడా వల్ల అంటున్నారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. కొత్తను ఆహ్వానించే మనసు, నిజాయితీ, అణకువ, కొంతమేరకు శ్రద్ధ, సర్దుకుపోయే స్వభావం ఉన్నవాళ్లలో ఈ ఆచరణ ఎక్కువని అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2020లో తేల్చింది. అంతకు చాలా ముందే, 2000లో, లినెట్ జెలెజ్నీ మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం ఆ స్పృహా ఆచరణా ఆడవాళ్లలోనే ఎక్కువని చెప్పి, అందుకు కారణాన్ని మన పెంపకంలో వెతికింది.

శ్రద్ధ, సర్దుబాటు! పుట్టినప్పటినుంచీ మనకి నూరిపోసినవి ఇవే కదా. మనతో చేయించుకున్న చాకిరీ ఇప్పుడు మన గుణమై కూర్చుందన్నమాట.

తడిచెత్త, పొడిచెత్త వేరుచేసేదెవరు? బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి పోసేదెవరు? గుడ్డసంచీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి భర్త చేతికిచ్చేదెవరు? ఇలాంటి అధ్యయనాలు చాలామటుకు ఎవరికి వాళ్లు చెప్పుకున్న జవాబుల మీదే నడుస్తాయి. "మా ఇంట్లో ప్లాస్టిక్ వాడం" అని ఆయన టిక్కు పెడతాడు. చేతులు ఆమెవి, మార్కులు ఆయన వ్యక్తిత్వానికి! రోజు కూలీతో రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టు కొనుక్కునే మనిషికి మాత్రం బాధ్యత లేదంటాం. పెద్ద సీసా కొనే డబ్బు లేకపోవడం కూడా స్వభావ లోపమేనా?

1974 మార్చి 26. ఉత్తరాఖండ్‌లోని రేణీ గ్రామం. నష్టపరిహారం ఇస్తామంటే మగవాళ్లంతా చమోలీ వెళ్లారు. అదే అదనుగా కాంట్రాక్టరు మనుషులు అడవి కొట్టడానికి వచ్చారు. మహిళా మంగళ్ దళ్‌కి నాయకురాలైన గౌరాదేవి పాతికమందికి పైగా ఆడవాళ్లనీ పిల్లలనీ వెంటబెట్టుకుని వెళ్లి అడ్డుపడింది. తిట్లకీ తుపాకీకీ బెదరలేదు. ఆ ఆడవాళ్లు సర్దుకుపోయి ఉంటే ఆ చెట్లు మిగిలేవా? గౌరాదేవి ధైర్యం గొప్పదే, కాదనను. కానీ ఆమె వెనక ఒక సంఘం ఉంది. అడవి పోతే కట్టెలకీ గడ్డికీ ఎంత దూరం నడవాలో తెలిసిన కాళ్లున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల విత్తనాలు కాపాడుకుంటూ వచ్చిన దళిత స్త్రీల బలం కూడా సంఘాలే.

మనుషుల స్వభావాల్లో తేడాలుంటాయి, నిజమే. అయితే ఏ స్వభావమైనా పనిగా మారడానికి తీరిక కావాలి, డబ్బు కావాలి, నిర్ణయించే హక్కు కావాలి, తోడు నిలిచే మనుషులు కావాలి. ఇవేవీ అడగకుండా గుణాలు కొలిస్తే, ఉన్నవాళ్లకి సచ్ఛీలతా లేనివాళ్లకి అపరాధ భావమూ పంచిపెట్టినట్టే. ఇక ఫ్యాక్టరీ గొట్టం వ్యక్తిత్వం గురించి ఎవరూ అడగనే అడగరు!

మనలో విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, పరిశోధనలు చేయించేవాళ్లున్నారు. ఈసారి ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు మరో రెండు ప్రశ్నలు చేర్చండి. మీ ఇంట్లో ఈ పని ఎవరు చేస్తున్నారు? చెయ్యాలని ఎవరు నిర్ణయించారు? ఈ రెండింటికీ జవాబు వచ్చాక వ్యక్తిత్వం సంగతి మాట్లాడుకుందాం.